పూడ్చేసిన గుంతలోకి మళ్ళీ దిగడం ఎలా?

మా మామది ఏర్పేడు పక్క పల్లె. చిన్నప్పుడు ఎండాకాలం సెలవుల్లో ఆయన ఎద్దులబండి ఎక్కి పాటిమన్ను తోలడానికి పోయేవాణ్ణి. పాత ఊరు ఉండి ఖాళీ అయిన దిబ్బను పాటిదిబ్బ అంటారు కదా, అక్కడి మన్ను. తరాల తరబడి మనుషులు, గొడ్లు బతికిన చోటు కాబట్టి బూడిద రంగులో మెత్తగా ఉండేది. చేలో నాలుగు బండ్లు తోలితే ఆ ఏడు ఎరువు కొనక్కర్లేదని మామ లెక్క. పారకు కుండపెంకులు తగిలితే గట్టు మీదకు విసిరేవాళ్ళం. ఒకసారి చింతగింజంత మట్టిపూస దొరికితే జేబులో వేసుకున్నాను.

చాలా ఏళ్ళ తర్వాత, పురావస్తు శాస్త్రం చదివి తవ్వకాల్లో పనిచేసే ఒక స్నేహితుడికి ఆ సంగతి గొప్పగా చెప్పాను. వాడు మూడు ప్రశ్నలు అడిగాడు. ఎంత లోతులో దొరికింది? ఏ రంగు మట్టిలో? దాని పక్కన ఇంకా ఏమున్నాయి? ఒక్కదానికీ నా దగ్గర జవాబు లేదు. "అయితే నీ దగ్గరున్నది ఒక పూస, అంతే" అన్నాడు.

తవ్వకాలకూ వర్చువల్ రియాలిటీకీ, అదే వీఆర్‌కీ, సంబంధం ఏమిటని ఎవరైనా అడిగితే నాకు ఆ మూడు ప్రశ్నలే గుర్తొస్తాయి.

మామూలుగా వీఆర్, చరిత్ర అనే రెండు మాటలు కలిపి వినగానే మనకు తట్టేది వేరే. చంద్రగిరి రాజమహల్ ముందు నిలబడి కళ్ళకు బిగించే హెడ్‌సెట్ పెట్టుకుంటే విజయనగర రాజుల దర్బారు, పట్టు తెరలు, ఏనుగులు, వెనక వీణ. టూరిస్టులకు బాగానే ఉంటుంది, పిల్లలైతే కేరింతలు కొడతారు. కాకపోతే ఆ తెరల రంగు ఎవరు చూశారు? కంప్యూటర్ ముందు కూర్చుని బొమ్మ వేసిన కుర్రాడికి ఏది నచ్చితే అది. తవ్వకాల సమాచారాన్ని వీఆర్‌లో చూడటం దీనికి దాదాపు ఎదురు దిక్కు పని. అక్కడ రాజులుండరు. మట్టి పొరలు, గుంతలు, గోడల మొదళ్ళు, పెంకులు, వాటి మీద నంబర్లు ఉంటాయి. చూడటానికి అందంగా ఏమీ ఉండదు. పనికొచ్చేది మాత్రం అదే.

ఎందుకో తెలియాలంటే ముందు తవ్వకం సంగతి చూడాలి. పాత మిద్దె గోడకు పెచ్చు ఊడిన చోట ఎప్పుడైనా గమనించారా? పైన మొన్న సంక్రాంతికి వేసిన తెల్లసున్నం, దాని కింద నీలిమందు కలిపిన సున్నం, ఇంకా కింద తాతల నాటి పసుపు. కింద ఉన్నది ముందుది, పైన ఉన్నది తర్వాతది. నేల కూడా ఇలాగే పేరుకుంటుంది. చిక్కేమిటంటే నేల గోడంత బుద్ధిగా ఉండదు. తర్వాతి కాలం వాళ్ళు గుంత తవ్వి చెత్త పోస్తారు, బావి తీస్తారు, కొత్త పునాది కోసం పాత ఇటుకలు పీక్కుపోతారు. ఎలుక బొరియలోంచి ఈ మధ్యకాలపు నాణెం వెయ్యేళ్ళనాటి పొరలోకి జారుతుంది. కాబట్టి లోతు ఒక్కటే చూసి కాలం చెబితే బోల్తా పడతాం. ఏది దేన్ని కోసుకుంటూ పోయింది, ఏది దేని కింద ఉండిపోయింది అని ఒక్కో జతనూ చూసుకుంటూ రావాలి.

మన దేశంలో ఈ పద్ధతిని గట్టిగా అలవాటు చేసినవాడు మార్టిమర్ వీలర్. 1944 నుంచి 1948 దాకా భారత పురావస్తు శాఖకు డైరెక్టర్ జనరల్. స్థలాన్ని చదరపు గళ్ళుగా విభజించి, గడికీ గడికీ మధ్య తవ్వకుండా మట్టి గోడ వదిలేవాడు. ఆ గోడ పక్కవాటు కోతలో పొరలన్నీ వరసగా కనిపిస్తాయి, ఒక్కో పొరకూ చీటీ గుచ్చుతారు. 1945లో పుదుచ్చేరి పక్కన అరికమేడులో తవ్వినప్పుడు ఇటలీలో తయారైన కుండల పెంకులు దొరికాయి. వాటి కాలం రోమన్ చరిత్ర వల్ల ముందే తెలుసు. అవి ఏ పొరలో ఉన్నాయో ఆ పొరలోని మన కుండలకూ కాలం దొరికింది. ఇటలీ పెంకు, మన పెంకు ఒకే పొరలో ఉన్నాయని రాసి పెట్టుకోబట్టే అది సాధ్యమైంది. రెండూ ఎవరి జేబులోనో పడి ఉంటే ఏ ఉపయోగమూ లేదు. తర్వాత 1973లో ఎడ్వర్డ్ హారిస్ అనే ఆయన పొరల సంబంధాలను వంశవృక్షంలా గీసే పద్ధతి కనిపెట్టాడు. ప్రతి పొరా, ప్రతి గుంతా ఒక గడి. ఏది ముందో ఏది తర్వాతో గీతలు చెబుతాయి. ఇవాళ్టికీ తవ్వకాల్లో హారిస్ మ్యాట్రిక్స్ అనే పేరుతో అదే వాడతారు.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, పై పొరను తీసేస్తే తప్ప కింది పొర కనబడదు. తీసేసిన పొర ఇక లేదు. తవ్వినవాళ్ళ నోటుబుక్కులో ఎక్కనిది ఇంకెక్కడా దొరకదు. నోటుబుక్కు మళ్ళీ ఒకటి కాదు. పైనుంచి చూసి గీసిన ప్లాన్లు ఒక కట్ట, పక్కవాటు కోత గీసిన సెక్షన్ షీట్లు ఇంకో కట్ట, దొరికిన వస్తువుల రిజిస్టరు, ఫోటోలు, పెంకుల సంచులు. ఒకే గుంత సంగతులు నాలుగు బీరువాల్లో సర్దుకుంటాయి. ఇరవై ఏళ్ళ తర్వాత ఆ తవ్వకం మీద పీహెచ్‌డీ చేసే అమ్మాయి ఇవన్నీ ముందేసుకుని, గుంత ఎలా ఉండేదో మనసులో కట్టుకోవాలి. అనుభవమున్నవాళ్ళకు అది వస్తుంది. కొత్తవాళ్ళకు తల బద్దలవుతుంది. నాలుగు బీరువాల్లోకి పోయినదాన్ని తిరిగి ఒక చోటికి, అది మొదట ఉన్న చోటికే తేవడం: వీఆర్ నుంచి ఆశించేది ఇదే.

మన గుడిమల్లం సంగతే తీసుకోండి. రేణిగుంట, ఏర్పేడు వైపు వాళ్ళకు చెప్పక్కర్లేదు, సువర్ణముఖి ఒడ్డున పరశురామేశ్వరుడి గుడి. అయిదడుగుల లింగం, దాని ముందు భాగంలో నిలబడిన శివుడు, కాళ్ళ కింద కూర్చున్న యక్షుడు. శివుడి ఒక చేతిలో కాళ్ళు పట్టి వేలాడదీసిన పొట్టేలు, ఇంకో చేతిలో చిన్న పాత్ర, భుజం మీద గొడ్డలి. గర్భగుడిలోకి చూసినవాళ్ళకు ఒక సంగతి గుర్తుండే ఉంటుంది: ముందున్న మండపం కన్నా లోపలి నేల పల్లంగా ఉంటుంది. ఆ పల్లంలోనే కథంతా ఉంది. చుట్టూ నేల శతాబ్దాలుగా పెరుగుతూ వచ్చింది, స్వామి మాత్రం తన మట్టంలోనే ఉండిపోయాడు.

పురావస్తు శాఖ తరఫున ఐ.కె. శర్మ 1973 నుంచి 1975 మధ్య ఇక్కడ తవ్వారు. లింగం చుట్టూ చదరంగా రాతి కటకటాలు బయటపడ్డాయి. సాంచి, అమరావతి స్తూపాల చుట్టూ ఉండే కంచె లాంటివన్నమాట. 42 సెంటీమీటర్ల పొడవు, 21 వెడల్పు, 6 మందం ఉన్న పెద్ద ఇటుకలు, నలుపు-ఎరుపు కుండల పెంకులు దొరికాయి. అవి శాతవాహనుల కాలాన్ని గుర్తు చేసేవి. మొదట లింగం ఆరుబయట కంచె మధ్య ఉండేదని, తర్వాత దాని మీద ఏనుగు వెనకభాగంలా గుండ్రంగా తిరిగే ఇటుక కట్టడం వచ్చిందని, మనం చూస్తున్న రాతిగుడి చాలా తర్వాతిదని దాంతో తేలింది. లింగం కాలం మీద మాత్రం పండితుల మధ్య వాదన ఆగలేదు. క్రీస్తుపూర్వం 2వ శతాబ్దం అనేవాళ్ళున్నారు, ఇంకా తర్వాతిది అనేవాళ్ళూ ఉన్నారు.

ఈ వాదనలో ముడి ఎక్కడుందో చూడండి. పెంకు ఏ పొరలోది? ఆ పొర కటకటాల పునాది కిందికి వెళ్తోందా, పునాదికి వచ్చి ఆనుతోందా? కిందికి వెళ్తే పెంకు కంచెకన్నా ముందుది. ఆనితే తర్వాతది. కాగితం మీద ఇది రెండు గీతలు కలిసే చోట ఒక మిల్లీమీటరు తేడా. అదే గుంతను అసలు కొలతలో కట్టి మనం లోపలికి దిగగలిగితే, పునాది రాయి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, రాయి కిందికి తొంగి చూసి తేల్చుకునే సంగతి. అక్కడ నిత్యం పూజలు జరుగుతాయి, అనుమానం వచ్చినప్పుడల్లా గునపం పట్టుకుని పోవడానికి లేదు. తిరిగి తవ్వలేని చోటే ఇలాంటి బొమ్మ అవసరం ఎక్కువ.

ఇంతకీ ఆ బొమ్మ ఎలా తయారవుతుంది? ఇప్పుడు తవ్వుతున్న స్థలమైతే పని సులువే. ఒక పొర తీయడం పూర్తయ్యాక దాని చుట్టూ తిరుగుతూ వందల ఫోటోలు తీస్తారు. ఒక ఫోటోలో ఉన్నదాంట్లో సగానికి పైగా పక్క ఫోటోలోనూ పడాలి. ఒకే గులకరాయి మూడు నాలుగు ఫోటోల్లో వేరువేరు కోణాల్లో కనిపిస్తే, అది ఎక్కడుందో, కెమెరా ఎక్కడ నిలబడిందో సాఫ్ట్‌వేర్ లెక్క కడుతుంది. అలా లక్షల చుక్కలు, చుక్కలు కలిపి చిన్న చిన్న త్రిభుజాలు, త్రిభుజాల మీద ఫోటో రంగులు. దీన్ని ఫోటోగ్రామెట్రీ అంటారు. కొలత తప్పకుండా ఉండటానికి, రోడ్లు వేసేవాళ్ళు మూడు కాళ్ళ స్టాండు మీద పెట్టే టోటల్ స్టేషన్‌తో నాలుగైదు గుర్తుల స్థానాలు తీసుకుంటారు. తర్వాత ఇంకో పొర తీస్తారు, మళ్ళీ ఫోటోలు. మొదటి ఉపరితలానికీ రెండో ఉపరితలానికీ మధ్య ఉన్న ఖాళీ ఏమిటి? మనం తీసిపారేసిన పొర. ఆ మట్టి తట్టల్లో పోయింది, దాని ఆకారం మాత్రం కంప్యూటర్లో మిగిలింది. నన్ను అడిగితే ఈ వ్యవహారంలో అన్నిటికన్నా తెలివైన సంగతి ఇదే.

ఆ ఆకారాలకు రిజిస్టరును ముడి వేస్తే అసలు పని మొదలవుతుంది. తవ్వకంలో దొరికిన దీపాలు మాత్రమే చూపించు అంటే దీపాలే మిగులుతాయి, పొరలు గాజులా మారతాయి. అమెరికాలో బ్రౌన్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2000 ప్రాంతంలోనే దీన్ని చేసి చూశారు. జోర్డాన్‌లోని పెట్రాలో 'గ్రేట్ టెంపుల్' అనే కట్టడాన్ని వాళ్ళు 1993 నుంచి తవ్వుతూ వచ్చారు. ఆ సమాచారాన్ని కేవ్ అనే గదిలోకి తెచ్చారు: గోడల మీద, నేల మీద బొమ్మలు పడే చిన్న గది, ప్రత్యేకమైన కళ్ళజోడు పెట్టుకుని మధ్యలో నిలబడాలి. ఆర్కేవ్ అని పేరు పెట్టారు. అప్పట్లో అలాంటి గది కట్టడం ఏ కొద్ది విశ్వవిద్యాలయాలకో తప్ప అందేది కాదు. ఇప్పుడు ఒక మంచి ఫోను ధరకు హెడ్‌సెట్ వస్తోంది.

టర్కీలోని చాతల్‌హొయూక్ ఇంకా బాగా నప్పే ఉదాహరణ. సుమారు 9,000 ఏళ్ళ కిందటి ఊరు. ఇళ్ళు ఒకదానికొకటి ఆనుకుని ఉండేవి, వీధులు లేవు. కప్పు మీది కంత లోంచి నిచ్చెన వేసుకుని ఇంట్లోకి దిగేవాళ్ళు. చనిపోయినవాళ్ళను ఇంట్లోనే అరుగుల కింద పాతేవాళ్ళు. ఇల్లు పాతబడితే పూడ్చి, దాని గోడల మీదే కొత్త ఇల్లు లేపేవాళ్ళు. ఇయాన్ హోడర్ నాయకత్వంలో 1993లో మొదలైన తవ్వకాల్లో భాగంగా, మౌరిజియో ఫోర్టే బృందం ఒక్కో పొరనూ త్రీడీలో నమోదు చేస్తూ తవ్వింది. ఏ సమాధి ఏ అరుగు కింద ఉంది, ఆ అరుగుకు సున్నం పూసే ముందా తర్వాతా అన్నది ఇలాంటి చోట ప్లాన్ షీటులో పైనుంచి చూస్తే సరిగ్గా అందదు. నిచ్చెన దిగినట్టు దిగుతూ పోతే అందుతుంది.

హెడ్‌సెట్ లోపలి సంగతి ఎక్కువ చెప్పను. రెండు కళ్ళకు రెండు కొంచెం వేరు బొమ్మలు, తల కదిలితే బొమ్మ కదలడం, అంతే. 1968లో ఐవన్ సదర్లాండ్ చేసిన తొలినాటి హెడ్‌సెట్ బరువుకు దాన్ని పైకప్పు నుంచి వేలాడదీయాల్సి వచ్చింది. ఒక్క ఇబ్బంది మాత్రం చెప్పాలి, మనకు తేలిగ్గా అర్థమయ్యేది కాబట్టి. తిరుమల ఘాట్ రోడ్డు మలుపుల్లో ఫోను చూస్తూ కూర్చుంటే కడుపులో తిప్పుతుంది కదా. చెవి లోపలి భాగం 'కదులుతున్నాం' అంటుంది, ఫోను మీదున్న కళ్ళు 'లేదు' అంటాయి. వీఆర్‌లో దీనికి తిరగేసి: కళ్ళు కదులుతున్నామంటాయి, ఒళ్ళు కుర్చీలోనే ఉంటుంది. అందుకే సెకనుకు 72 నుంచి 90 బొమ్మలు తగ్గకుండా చూపిస్తారు. గుంతలో నడిపించకుండా ఒక చోటు నుంచి ఇంకో చోటికి గభాల్న మార్చేస్తారు. అంత వేగంగా బొమ్మలు రావాలంటే కోట్ల త్రిభుజాలున్న ఆకారాన్ని కొన్ని లక్షలకు కుదించాలి, ఎందుకంటే హెడ్‌సెట్‌లో ఉన్నది ఫోను లాంటి చిప్పే. కుదించేటప్పుడు ముందు పోయేవి సన్నటి తేడాలు. మనకు కావలసింది ఆ సన్నటి తేడాలే! కాబట్టి ముఖ్యమైన అంచుల దగ్గర త్రిభుజాలు అలాగే ఉంచి, ఉత్త మట్టి ఉన్నచోట తగ్గించుకోవడం తెలియాలి. అది సాఫ్ట్‌వేర్ కుర్రాడికి తెలిసే సంగతి కాదు. తవ్వినవాడు పక్కన కూర్చోవాలి.

అసలు కష్టం పాత తవ్వకాలతో. నాగార్జునకొండనే చూడండి. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉన్న లోయ. డ్యామ్ కట్టాలనుకున్నాక ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో 1954 నుంచి 1960 దాకా హడావుడిగా తవ్వారు. కొన్ని కట్టడాలను కొండ మీదకూ అనుపుకూ తరలించి మళ్ళీ కట్టారు. మిగిలిన లోయ కృష్ణా నీళ్ళ కింద ఉంది. అక్కడికి కెమెరా పట్టుకుని పోయేదేమీ లేదు, ఉన్నవి కాగితాలే. అలాంటప్పుడు నిజాయితీగా చేయగలిగిన పని ఒకటుంది. సెక్షన్ షీట్లను స్కాన్ చేసి, వాటిని అసలు కొలతకు పెంచి, గుంత నాలుగు వైపులా తెరల్లా వేలాడదీయడం. ప్లాన్లను నేల మీద పరచడం. మధ్యలో ఉన్నది ఖాళీగానే వదలడం.

ఖాళీ వదలడానికి మనసొప్పదు, అదే గొడవ. పాత రిజిస్టరులో 'రెండో ట్రెంచి, మూడో పొర' అని మాత్రమే ఉంటుంది, ట్రెంచి అంటే తవ్విన గుంత. పూస ఆ పొరలో ఏ మూల దొరికిందో ఉండదు. దాన్ని హెడ్‌సెట్‌లో ఒక చుక్కగా చూపిస్తే, చూసేవాళ్ళు సరిగ్గా అక్కడే దొరికిందనుకుంటారు. రేపు ఇంకొకరు ఆ చుక్కల మధ్య దూరం కొలిచి వ్యాసం రాసినా రాస్తారు. పొర మొత్తాన్ని పల్చటి రంగులో వెలిగించి 'ఇందులో ఎక్కడో' అని చూపించడమే సరైన పద్ధతి. ఇలాంటి పనులకు రాసుకున్న నియమావళి, 2006 నాటి లండన్ చార్టర్, అడిగేది కూడా ఇదే: కంప్యూటర్లో కట్టినదాంట్లో ఏది ఆధారం, ఏది ఊహ, ఆ ఊహకు ఎలా వచ్చారు అన్నది చూసేవాళ్ళకు తెలియాలి. నియమం అందరికీ తెలుసు. కానీ నిధులిచ్చేవాళ్ళ ముందు డెమో పెట్టాల్సిన రోజున బూడిద రంగు ఖాళీలు ఎవరికీ నచ్చవు.

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. అన్నిటికీ హెడ్‌సెట్ అక్కర్లేదు. ఏ పొరలో ఎన్ని పెంకులున్నాయో లెక్కపెట్టాలంటే ఎక్సెల్ షీటు చాలు. రిపోర్టు చదవాలంటే కాగితమే సుఖం. కళ్ళకు డబ్బా కట్టుకుని అక్షరాలు చదవడం నరకం, నోట్సు రాసుకోవడం అంతకన్నా. మామూలు స్క్రీన్ మీద త్రీడీ బొమ్మ తిప్పి చూసినా సగం పని అయిపోతుంది. మిగిలిన సగం, అంటే కొలతను ఒంటితో తెలుసుకోవడం, దానికే ఇది కావాలి. ఆ మాట నేను పుస్తకం చూసి అనడం లేదు.

మా స్నేహితుడు బైరాగిపట్టెడలో మేడ మీద గదిలో ఉంటాడు. ఒక పాత తవ్వకం షీట్లతో, ఎక్కడిదో చెప్పను, ఒకే ఒక్క ట్రెంచిని హెడ్‌సెట్‌లో కట్టాడు. మొదటిసారి నేను పెట్టుకున్నప్పుడు వెనక్కి అడుగేసి మంచం కోడుకు తగిలి కూలబడ్డాను, అది వేరే సంగతి. పోయిన నెల మామ కళ్ళాసుపత్రి పని మీద తిరుపతి వస్తే ఆయన్నీ తీసుకెళ్ళాను. ముందు స్నేహితుడు కాగితం చూపించాడు. మామ మర్యాదకు తలూపాడు, ఆయనకు అది గీతల కింద గీతలు. తర్వాత హెడ్‌సెట్ తలకు బిగించి, గది మధ్యలో నిలబెట్టి, నేను భుజం పట్టుకున్నాను.

కాసేపు ఏమీ మాట్లాడలేదు. చెయ్యి చాచి గాల్లో తడిమాడు.

"ఇది పాటిమన్ను కదరా" అన్నాడు బూడిద రంగు పొర దగ్గర. కొంచెం పక్కకు తిరిగి, వంగి, మళ్ళీ లేచాడు. "ఈడ పాతర ఉండాది. మూతి సన్నం, కడుపు పెద్దది. మా అవ్వోళ్ళ ఇంట్లో ఇట్లే ఉండేది, రాగులు పోసేవాళ్ళు. నేను దిగినా అందులోకి. సరిగ్గా ఇంతే, నా గడ్డం దాకా."

షీటులో అక్కడ 'గుంత 3' అని మాత్రమే రాసి ఉంది. స్నేహితుడు లాప్‌టాప్ తెరిచి ఆ గుంతకు ఊహల కోసం పెట్టుకున్న నారింజ రంగు వేశాడు. పక్కన 'ధాన్యం పాతర కావచ్చు, ఒక రైతు చూసి చెప్పినది' అని తేదీతో సహా రాసుకున్నాడు. రంగు ఎందుకని అడిగితే, "గింజ ఒక్కటైనా దొరికిందని ఎక్కడా లేదు మామా, అందుకని" అన్నాడు.

మామ ఇంకా హెడ్‌సెట్ తీయలేదు. తూర్పు గోడ పైమూలకు చెయ్యి చూపించి, "అంతా ఉండాది, ఆ మూల ఏమైంది? ఉత్త బూడిదగా ఉండాదే" అన్నాడు.

"అక్కడ కాగితాన్ని చెదలు తినేశాయి మామా."